కాటా చీటీ ఎవరు చూడొచ్చు? పర్మిషన్ కోడ్ తిరగరాసిన డైరీ

సోమవారం

జీడి పిక్కల సీజన్ చివరికి వచ్చింది. ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్ యార్డుల్లో కొన్న పిక్కలు లారీల్లో ఆంధ్రాలోని పలాస గోదాముకు వెళ్తాయి. తూకం, చీటీ, రేటు, లారీ లెక్క అన్నీ ఒక వెబ్ సర్వీసులోనే నడుస్తాయి. దాన్ని మొదట రాసింది వేరేవాళ్లు. రెండేళ్లుగా చూసుకుంటున్నది నేను. వ్యాపారం మావయ్యది.

ఇప్పుడీ పని ఎత్తుకోవడానికి కారణం ఒక ఫోన్. కాశీనగర్‌లో కాటా దగ్గర రాసే కుర్రాడు పని మానేసి 19 రోజులైంది. నిన్న ఇంటికొచ్చి, "అక్కా, నా ఫోన్లో ఇంకా పలాస రేట్లు కనిపిస్తన్నాయి, తీసేయండి" అని చూపించాడు. డేటాబేసులో అతని పేరు ఎప్పుడో తీసేశాం. అయినా ఫోన్లో ఆ రోజు రేటు స్పష్టంగా కనిపిస్తోంది. మా వైపు పిక్కల రేటు 80 కిలోల బస్తాకు చెప్తారు. బస్తాకు వంద రూపాయలు తేడా వస్తే రైతు ఇంకో కొట్టుకు వెళ్లిపోతాడు. అందుకే రేటు ముందుగా ఎవరికి తెలుస్తుందన్నది మాకు చాలా పెద్ద విషయం.

ఎందుకు కనిపించిందో వెంటనే అర్థమైంది. లాగిన్ అయినప్పుడు సర్వర్ ఫోనుకు ఒక టోకెన్ ఇస్తుంది, గేటు పాసు లాంటిది. మేము వాడేది జేడబ్ల్యూటీ (జేసన్ వెబ్ టోకెన్), అంటే 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7519 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వచ్చిన పద్ధతి. అందులో చుక్కలతో విడదీసిన మూడు ముక్కలుంటాయి. ఏ పద్ధతిలో సంతకం చేశారో మొదటి ముక్కలో ఉంటుంది. మనిషి ఎవరు, హోదా ఏమిటి, గడువు ఎప్పటిదాకా అన్నవి రెండో ముక్కలో, సంతకం మూడో ముక్కలో ఉంటాయి. రెండో ముక్కను ఎవరైనా విప్పి చదువుకోవచ్చు. కానీ ఒక్క అక్షరం మార్చినా సంతకం సరిపోదు. సర్వర్ సంతకాన్నీ గడువునూ చూసి లోపలికి రానిస్తుంది, డేటాబేసును అడగదు. మా టోకెన్ గడువు 30 రోజులు. అంటే ఆ కుర్రాడి జేబులో ఉన్నది 30 రోజుల పాటు చెల్లే పాత నిజం.

మావయ్యకు చెప్పాను. "సీజన్లో దాని జోలికెళ్లకమ్మా" అన్నాడు. పూర్తిగా ఆగడం నాకు ఇష్టం లేదు. పాత దారి మూయకుండా పక్కనే కొత్తది కడతానని ఒప్పించాను. ఆ కుర్రాడి ఒక్క టోకెన్‌ను రద్దు చేసే మార్గం మా కోడ్‌లో లేదు. అందుకని ప్రస్తుతానికి టోకెన్ల మీద సంతకం చేయడానికి సర్వర్ వాడే రహస్య తాళాన్నే మార్చేశాను. అందరూ మళ్లీ లాగిన్ కావాల్సి వచ్చింది, మధ్యాహ్నమంతా ఫోన్లే.

మంగళవారం

ఈ రోజు కోడ్ ముట్టుకోలేదు. సర్వీసులో 47 రూట్లు, అంటే ఒక్కో పనికి యాప్ సర్వర్‌ను పిలిచే అడ్రసులు, ఉన్నాయి. పర్మిషన్ చూసే ముక్క కొన్నిటికి మిడిల్‌వేర్‌లో (కాల్ రూటుకు చేరేముందే నడిచే కోడ్‌లో) ఉంది, కొన్నిటికి రూట్ లోపలే ఉంది, మూడింటికి అసలు లేదు. అన్నీ పెద్ద కాగితం మీద రాసి, లెక్కలు చూసే పిన్నిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. "ఇది ఎవరు చూడాలి? ఇది ఎవరు మార్చాలి?" అని ఒక్కొక్కటే అడిగాను.

పిన్ని చెప్పిన ఒక్క సంగతి కోడ్ చదివితే ఎప్పటికీ తెలిసేది కాదు. మా చీటీ నంబర్లు 21తోనో 37తోనో మొదలవుతాయి. అవి జీఎస్టీ రాష్ట్ర కోడ్లు, ఒడిశాది 21, ఆంధ్రాది 37. సరుకు మహేంద్రతనయ నది దాటి పాతపట్నం వైపు వెళ్లిందంటే పన్ను లెక్క మారిపోతుంది కాబట్టి నంబరులోనే రాష్ట్రం తెలిసేలా పిన్నే పెట్టించింది. పాత కోడ్ ఆ నంబరునే పర్మిషన్‌గా వాడుకుంది. నీ యార్డు 21 అయితే 21తో మొదలయ్యే చీటీలన్నీ చూడొచ్చు, అంతే.

దీంతో రెండు చిక్కులు వచ్చాయి. కాశీనగర్ కాటా మనిషి వెబ్ అడ్రసులో చీటీ నంబరు మారిస్తే పర్లాకిమిడి చీటీ తెరుచుకుంటుంది, రేటుతో సహా. ఇక పలాస గోదాములో సరుకు దించుకునేవాళ్లది 37. వాళ్లకు 21 చీటీ తెరుచుకోక, వచ్చిన బస్తాల తూకం సరిచూసుకోలేకపోయేవారు. అందుకని ఎవరో వాళ్లకు 'మేనేజర్' హోదా ఇచ్చేశారు. తూకం చూడటం కోసం ఇచ్చిన ఆ హోదాతో రేట్లు, రైతుల బాకీలు, బ్యాంకు వివరాలు అన్నీ తెరుచుకున్నాయి. కోడ్‌లో 'మేనేజర్' అన్న ఒక్క మాటకు మూడు చోట్ల మూడు అర్థాలున్నాయి.

సాయంత్రానికి కాగితం మీద హోదాలన్నీ కొట్టేసి పనులు రాసుకున్నాం: తూకం చూడటం, తూకం రాయడం, రేటు చూడటం, రేటు పెట్టడం, బాకీ చూడటం, చెల్లింపు చేయడం. పిన్నికి ఈ జాబితా వెంటనే అర్థమైంది. హోదాల పేర్లు మాత్రం రెండేళ్లుగా ఆమెకు అర్థం కాలేదట.

బుధవారం

చాలా టెన్షన్ పడిన రోజు.

కొత్త కోడ్ మొదలుపెట్టే ముందు, ఇప్పుడున్నది ఎలా ప్రవర్తిస్తోందో టెస్టులు రాసిపెట్టుకోవాలని కూర్చున్నాను. తప్పుడు సంతకం ఉన్న టోకెన్ పంపితే 47 రూట్లలో ప్రతి ఒక్కటీ 'వద్దు' అనాలి. లారీ రసీదు ఫోటో ఎక్కించే రూట్ 'సరే' అంది.

నమ్మకం కలగక మళ్లీ చూశాను. నా సొంత టోకెన్ రెండో ముక్క విప్పి, హోదా దగ్గర 'యజమాని' అని మార్చి, పాత సంతకాన్నే తగిలించి పంపాను. లోపలికి రానిచ్చింది. కోడ్ తెరిస్తే కారణం ఒక్క పదంలో ఉంది. టోకెన్ లైబ్రరీలో, అంటే టోకెన్ల కోసం వేరేవాళ్లు ముందే రాసిపెట్టిన కోడ్‌లో, రెండు పనులుంటాయి. 'వెరిఫై' సంతకం సరిచూసి మరీ విప్పుతుంది, 'డీకోడ్' ఊరికే విప్పి చూపిస్తుంది. ఇక్కడ డీకోడ్ రాశారు. నిజమైన టోకెన్ పెట్టి పరీక్షించినంతకాలం రెండూ ఒకేలా పనిచేస్తాయి కాబట్టి తేడా ఎవరి కంటా పడలేదు.

ఫోటో ఎక్కించే రూటే కదా అని వదిలేయడానికి లేదు. జవాబులో ఆ లారీ చీటీ మొత్తం వెనక్కి వస్తుంది, అందులో రేటు ఉంది. తిరగరాసే పనంతా పక్కన పెట్టి ఆ ఒక్క పదం మార్చి, టెస్టు పెట్టి, రాత్రి 9 గంటలకు సర్వర్ మీదకు ఎక్కించాను.

తర్వాత లాగులు, అంటే సర్వర్‌కు వచ్చిన ప్రతి కాల్ వివరం నమోదయ్యే ఫైళ్లు, చూశాను. మా దగ్గర 14 రోజుల లాగులే ఉంటాయి. ఆ 14 రోజుల్లో ఆ రూటుకు వచ్చినవన్నీ మా ఫోన్ల నుంచే, మా యార్డుల చీటీల మీదే వచ్చాయి. మావయ్యకు ఈ మాట ఇలాగే చెప్పాను, అంతకుముందు సంగతికి హామీ ఇవ్వలేనని కూడా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సీజన్ అన్నాను గాని, నువ్వు చేసీ" అన్నాడు.

గురువారం, శుక్రవారం

రెండు రోజులూ కట్టుబడి పనే. పాత మిడిల్‌వేర్ ఒక్క ఫంక్షన్‌లో అన్నీ కలిపి చేసేది. దాన్ని మూడుగా విడదీశాను.

మొదటిది టోకెన్ నిజమైనదా కాదా మాత్రమే చూస్తుంది. సంతకం ఏ పద్ధతిలో ఉండాలో నేనే కోడ్‌లో గట్టిగా రాసిపెట్టాను, టోకెన్ చెప్పిన పద్ధతిని నమ్మదు. టోకెన్ తన మొదటి ముక్కలో 'సంతకం లేదు' అని రాసుకొస్తే దాన్నే ఒప్పుకున్న లైబ్రరీలు ఒకప్పుడు ఉండేవి. 2020లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8725 చెప్పే జాగ్రత్తల్లో ఇది ముఖ్యమైనది. ఎవరు ఇచ్చారు, ఎవరి కోసం ఇచ్చారు, గడువు ఎంత అన్నవి కూడా ఇక్కడే తేలిపోతాయి. మా దగ్గర టెస్టు సర్వర్ టోకెన్ అసలు సర్వర్‌లో చెల్లేది. 'ఎవరి కోసం' అన్నది చూడటంతో ఆ దారీ మూసుకుపోయింది.

రెండోది ఆ మనిషి ఇప్పుడు ఎవరో డేటాబేసును అడుగుతుంది. టోకెన్‌లో హోదా తీసేశాను, మనిషి నంబరు ఒక్కటే ఉంటుంది. పని మానేశాడా, యార్డు మారాడా, ఏ పనులకు అనుమతి ఉంది అన్నవి అప్పటికప్పుడు తెలుస్తాయి. ప్రతిసారీ అడిగితే భారం కాబట్టి జవాబును 60 సెకన్లు గుర్తు పెట్టుకుంటుంది. పేరు తీసేసిన నిమిషంలోపు ఆ ఫోన్ ఆగిపోతుంది. డేటాబేసును అడగనక్కర్లేదనే కదా ఈ టోకెన్లు వచ్చింది అని ఎవరైనా అనొచ్చు. లక్షల మంది వాడే సర్వీసుకు అది నిజం. మా సర్వీసు వాడేది 30 మంది. ఇంత చిన్న వ్యాపారంలో ఆ ఆదా కోసం 19 రోజుల పాత అనుమతిని మోయడం తప్పని నా గట్టి అభిప్రాయం.

మూడోది రూట్ దగ్గర ఉంటుంది. ప్రతి రూటూ తనకు ఏ అనుమతి కావాలో ప్రకటించాలి. ప్రకటించని రూట్ ఒక్కటి ఉన్నా సర్వర్ అసలు మొదలే కాదు. ఇది పెట్టి మొదటిసారి సర్వర్ లేపితే ఆగిపోయింది, మంగళవారం నేను కాగితం మీద మర్చిపోయిన రూట్ పేరు చూపించింది. 47 కాదు, 48.

అడ్రసులో నంబరు మార్చి పక్క యార్డు చీటీ చూడటాన్ని మాత్రం మిడిల్‌వేర్ ఆపలేదు. ఆ సమయానికి చీటీ ఇంకా డేటాబేసు నుంచి రాలేదు, అది ఏ యార్డుదో దానికి తెలియదు. ఈ తప్పు ఎంత మామూలంటే, సాఫ్ట్‌వేర్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ వాళ్ల ఏపీఐ (యాప్‌లు సర్వర్‌తో మాట్లాడే దారి) ప్రమాదాల జాబితాలో 2019లోనూ 2023లోనూ మొదటి స్థానం దీనిదే. కాబట్టి ఆ తనిఖీని చీటీ కోసం డేటాబేసును అడిగే ప్రశ్నలోనే (క్వెరీ) పెట్టాను, 'ఈ నంబరు, ఈ మనిషి యార్డుల్లో ఏదో ఒకటి' అని. పలాసవాళ్ల కోసం చీటీకి రెండు యార్డులు పెట్టాను, బయల్దేరినది ఒకటి, చేరాల్సినది ఒకటి. ఇద్దరికీ తూకం కనిపిస్తుంది. రేటు చూసే అనుమతి లేకపోతే జవాబులో రేటు గడే ఉండదు. తెర మీద దాచితే చాలదు, సర్వర్ నుంచే బయటికి రాకూడదు.

శనివారం

గుణుపురం వెళ్లే బండెక్కి కాశీనగర్ వెళ్లాను. కోడ్ ఇంట్లో కూర్చుని రాయొచ్చు గానీ కాటా పక్కన నిలబడి చూడకపోతే ఎవరికి ఏం కావాలో తెలియదు.

కొత్తగా చేరిన గుమస్తా ఫిర్యాదు ఇదీ: "అక్కా, ఒకోపాలి లాగిన్ అడుగుతాది, చేస్తే మళ్లీ అడుగుతాది, మళ్లీ మళ్లీ అదే." చేయించి చూశాను. అతను రేటు పేజీ నొక్కాడు. అతనికి అనుమతి లేదు కాబట్టి సర్వర్ 403 పంపింది. యాప్ 401కీ 403కీ తేడా చూడకుండా లాగిన్ పేజీకి తోసేసింది. 401 అంటే నువ్వెవరో తెలియలేదు, మళ్లీ లాగిన్ అవు అని. 403 అంటే నువ్వెవరో తెలుసు, ఈ పని నీది కాదు అని. అలాంటప్పుడు ఎన్నిసార్లు లాగిన్ అయినా లాభం లేదు. పైగా తెర మీద వచ్చేది 'ఫర్బిడెన్' అన్న ఇంగ్లీషు ముక్క. అతను దాన్ని నెట్ లేదని అనుకుని పదిసార్లు నొక్కేవాడు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు మా పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పారు. కాటా దగ్గర మనిషికి అర్థం కాని మాట ఎందుకు రాయాలి? "ఈ పేజీ మీ పనిలో లేదు. కావాలంటే పిన్నిని అడగండి" అని తెలుగులోనూ ఒడియాలోనూ పెట్టాను. వేరే యార్డు చీటీ నంబరు కొడితే మాత్రం 404 ఇస్తున్నాను, 'అలాంటి చీటీ లేదు' అని. ఉంది గానీ చూపించం అంటే నంబరు నిజమైనదని మనమే చెప్పినట్టవుతుంది.

అక్కడే ఇంకోటి. యార్డు ట్యాబ్లెట్ బ్యాటరీ పూర్తిగా దిగిపోతే తారీఖు వెనక్కి పోతోంది. గడువు అయిందా లేదా అన్నది యాప్ ఆ తారీఖుతోనే చూసుకుని లోపలికి వెళ్లనివ్వట్లేదు. గడువు చూడాల్సింది సర్వర్. యాప్‌లో ఆ లైన్లు తీసేశాను.

అసలైన చర్చ మావయ్యతో ఫోన్లో జరిగింది. కొత్త టోకెన్ గడువు 15 నిమిషాలు పెట్టాను. అది అయిపోతే యాప్ వెనక రిఫ్రెష్ టోకెన్‌తో, అంటే ఇందుకోసమే ఇచ్చిన ఇంకో టోకెన్‌తో, కొత్తది తెచ్చుకుంటుంది. కొండల్లో సిగ్నల్ పోయినప్పుడు చీటీలు ట్యాబ్లెట్‌లోనే ఉండి సాయంత్రం ఎక్కుతాయి. ఉదయం 11కి రాసిన చీటీ నాలుగింటికి ఎక్కిందనుకుందాం. ఈ మధ్యలో ఆ మనిషిని యార్డు మార్చేశాం. అనుమతి ఏ గంటది చూడాలి?

ఎక్కే సమయానిదే, లేకపోతే వద్దనేయాలి, అన్నాను. పుస్తకం ప్రకారం అది సరైనదే.

"వద్దనేత్తే ఆ చీటీ ఏటవుతాది?" అన్నాడు మావయ్య.

"ఎక్కదు."

"రైతు బస్తాలు దించేసి ఎల్లిపోయాడమ్మా. మన కుర్రాడికి పర్మిషన్ లేదని ఆ రైతు తూకం పోతాదా?"

జవాబు చెప్పలేకపోయాను. చూడటాన్ని కాదంటే ఎవరికీ ఏమీ పోదు. రాసినదాన్ని కాదంటే బయట జరిగిపోయిన పని ఒకటి లెక్కలోంచి మాయమవుతుంది. తిరుగు బండిలో దాన్ని మార్చాను. అనుమతి లేకుండా వచ్చిన తూకం చీటీ లెక్కలోకి చేరదు, పారేయడమూ ఉండదు, 'పెండింగ్'లో ఆగుతుంది. మావయ్యో పిన్నో చూసి ఒప్పుకోవాలి. నా దృష్టిలో ఈ మొత్తం పనిలో ముఖ్యమైన మార్పు ఇదే.

ఆదివారం

చీటీ యార్డు తనిఖీకి టెస్టులు. అనుమతి ఉన్నవాడికి చీటీ వచ్చింది, సరే. లేనివాడికీ వచ్చింది.

అరగంట వెతికాను. 'ఈ మనిషి ఈ చీటీ చూడొచ్చా' అన్న ఫంక్షన్ డేటాబేసును అడుగుతుంది కాబట్టి అది అసింక్, అంటే జవాబు కాస్త ఆగి వస్తుంది. నేను దాన్ని పిలిచిన చోట, జవాబు వచ్చేదాకా ఆగమని చెప్పే 'అవెయిట్' రాయలేదు. జావాస్క్రిప్ట్‌లో అలా పిలిస్తే చేతికి జవాబు రాదు, జవాబు ఇస్తానన్న ప్రామిస్ వస్తుంది. 'ఇఫ్' షరతులో పెడితే ప్రామిస్ ఎప్పుడూ 'నిజం' కిందే లెక్క. లోపల జవాబు 'కాదు' అయినా తలుపు తెరుచుకుంటుంది. ఎర్రర్ రాదు, లాగులో ఏమీ ఉండదు. అవును అనాల్సిన చోట్లే పరీక్షించి ఉంటే ఇది సర్వర్ మీదకు వెళ్లిపోయేది.

వెంటనే రెండు పనులు చేశాను. ఆ ఫంక్షన్ ఇక అవును, కాదు అని చెప్పదు. అనుమతి లేకపోతే ఎర్రర్ విసురుతుంది, ఉంటే చీటీనే ఇస్తుంది. అవెయిట్ మర్చిపోతే చేతిలో చీటీ ఉండదు కాబట్టి బయటికి పంపడానికీ ఏమీ ఉండదు. మా సర్వర్ కట్టింది ఎక్స్‌ప్రెస్ అనే ఫ్రేమ్‌వర్క్ మీద, మేము ఇంకా దాని 4వ వెర్షన్‌లో ఉన్నాం. అసింక్ మిడిల్‌వేర్‌లో విసిరిన ఎర్రర్‌ను అది తనంతట తాను పట్టుకోదు. జావాస్క్రిప్ట్‌ను సర్వర్ మీద నడిపే నోడ్ కొత్త వెర్షన్లలో అలా వదిలేసిన ఎర్రర్ సర్వర్‌నే పడగొడుతుంది. అందుకని అన్నిటినీ ఒక చిన్న చుట్టు ఫంక్షన్‌లో పెట్టి, ఎర్రర్‌ను పట్టుకుని ముందుకు పంపేలా చేశాను. ఎక్స్‌ప్రెస్ 5 ఆ పని తనే చేస్తుంది, వానాకాలంలో మారతాం.

రెండోది, ప్రతి రూటుకూ 'కాదు' టెస్టు తప్పనిసరి చేశాను. 48 రూట్లకూ రాయడానికి రాత్రి రెండైంది.

ఆ తర్వాతి వారం

కొత్త తనిఖీని ఐదు రోజులు నీడలా నడిపాను. ప్రతి కాల్‌కీ పాతదీ కొత్తదీ రెండూ తీర్పు చెప్తాయి. చెల్లేది పాతదే. రెండూ వేరైతే లాగులో ఒక వరుస పడుతుంది, మనిషి, రూట్, రెండు తీర్పులు. టోకెన్‌ను మాత్రం లాగులో రాయనివ్వలేదు. లాగు చదివిన ప్రతివాడి చేతికీ తాళం ఇచ్చినట్టవుతుంది.

మొదటి రోజు తేడాలు చాలా వచ్చాయి, అన్నీ పిన్నివే. నెలాఖరు రిపోర్టుకు బాకీ చూసే అనుమతీ కావాలి, నేను ఇవ్వలేదు. నేరుగా మార్చేసి ఉంటే నెలాఖరున ఆమె పని ఆగిపోయేది. పలాసవాళ్లకు పాతది హోదా చూసి అన్నీ తెరిచింది, కొత్తది తూకం ఒక్కటే ఇచ్చింది. ఇది మేము కోరుకున్న తేడా. బుధవారం ఒకటి పడింది. పర్లాకిమిడి నుంచి ఒకరు కాశీనగర్ చీటీ తెరిచారు. గుండె ఝల్లుమంది. అడిగితే, నంబరులో ఒక అంకె తప్పు కొట్టాడట, అంతే. కానీ చీటీ మాత్రం తెరుచుకుంది.

గురువారం, శుక్రవారం కోరుకున్న తేడాలు తప్ప వేరేవి రాలేదు.

ఆదివారం రాత్రి

యార్డులు మూసేశాక మార్చాను. ముందు పలాసవాళ్లకు చెప్పాను, రేపటి నుంచి రేట్లు కనిపించవు, తూకం కనిపిస్తుంది అని. అలిగారు. మీ మీద అనుమానంతో కాదు, మీ ఫోన్ ఎవరి చేతికైనా పోతే ఆ మాట మీ మీదకు రాకూడదని, అని వివరంగా చెప్పాను. ఒప్పుకున్నారు.

పాత తనిఖీల్లో 600 పైచిలుకు లైన్లు పోయాయి. కొత్తది 200 కూడా లేదు, టెస్టులు మాత్రం దానికి నాలుగింతలు. రిఫ్రెష్ టోకెన్‌ను ఒకసారి వాడాక మళ్లీ వాడితే ఆ మనిషి లాగిన్లన్నీ రద్దయ్యే ఏర్పాటు ఇంకా మిగిలింది. ఎవరినీ మళ్లీ లాగిన్ చేయించకుండా సంతకం తాళం మార్చడం కూడా మిగిలింది.

సోమవారం

ఉదయం రెండు ఫోన్లు, రెండూ పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లవి.

సాయంత్రం ఆరున్నరకు పెండింగ్‌లో మొదటి చీటీ పడింది. కాశీనగర్ గుమస్తాను మధ్యాహ్నం పర్లాకిమిడికి మార్చారు. పొద్దున సిగ్నల్ లేనప్పుడు రాసిన చీటీ ఒకటి అతని ట్యాబ్లెట్‌లో ఉండిపోయింది, 12 బస్తాలు. మావయ్యకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని రైతు పేరు పైకి చదివి, కాశీనగర్‌కు ఫోన్ చేసి తూకం కనుక్కుని, తనే ఒప్పుకుంటున్నట్టు నొక్కాడు.